చైను చప్పుడు వినపడే చోటు

(రాజమహేంద్రవరంలో సైకిల్ తొక్కేవాళ్ళు కొందరు కలిసినప్పుడు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ. గాలి గురించి నేనే చాలాసేపు మాట్లాడబోతున్నాను.

రోడ్డు సైకిల్ తొక్కడానికి ఏ ప్రాంతం మంచిది, ఏది కాదు అన్నది నాకిచ్చిన విషయం. పిలిచినప్పుడు ‘నాకేం తెలుసండీ’ అన్నాను, మర్యాదకి. నిజానికి దీని మీద నాకు బోలెడు అభిప్రాయాలున్నాయి. ఇంట్లో వినేవాళ్ళు లేక దాచుకున్నాను. ముప్పై మూడేళ్ళు బ్యాంకులో చేశాను. మూడేళ్ళకోసారి ట్రాన్స్‌ఫర్. సామాను లారీలో ఆఖర్న ఎక్కేది, కొత్త ఊళ్ళో మొట్టమొదట దిగేది నా సైకిలే. కదిరి, పాలకొల్లు, నర్సీపట్నం, ఆఖర్న హైదరాబాదు. మధ్యలో ఇంకొన్ని ఉన్నాయి గానీ ఇవాళ్టికి ఈ నాలుగూ చాలు. అన్నిచోట్లా అదే మనిషి, అవే మోకాళ్ళు. అయినా ఒక ఊళ్ళో వారానికి రెండొందల కిలోమీటర్లు తొక్కాను. ఇంకో ఊళ్ళో సైకిల్ బాల్కనీలో పడి ఉండేది, దాని హ్యాండిల్ మీద మా ఆవిడ తువ్వాళ్ళు ఆరేసుకునేది. మరి తేడా ఎక్కడుంది?

కొత్త ఊరు వెళ్ళగానే నేను ఒకటి కొలిచేవాణ్ణి. ఇంటి గేటు దగ్గర మీటరు సున్నా చేసి బయల్దేరతాను. తొక్కుతూ తొక్కుతూ ఎక్కడైతే నా చైను చప్పుడు నాకు వినపడుతుందో అక్కడ మీటరు చూస్తాను. అంటే హారన్లు, ఆటోలు, లారీలు ఇవన్నీ వెనకబడిపోయి, పళ్ళ మీద చైను తిరిగే ఆ సన్నటి కిరకిర చెవికి తగిలే చోటన్నమాట. పాలకొల్లులో కాలవ వంతెన దాటి గట్టెక్కితే చాలు, 1.4 కిలోమీటర్లు. కదిరిలో 2.1. నర్సీపట్నంలో 3 పైచిలుకు. హైదరాబాదులో మేమున్న ఫ్లాటు నుంచి 19. ఇదీ నా సర్వే. నవ్వకండి, ఒక ఊరు సైకిల్‌కి పనికొస్తుందా రాదా అన్నదాంట్లో సగం ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

చాలామంది తారు చూస్తారు. రోడ్డు అద్దంలా ఉంటే మంచి ప్రాంతం, గుంతలుంటే చెడ్డ ప్రాంతం అంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. తారు సంగతి తీసిపారేసేది కాదు. ఆ తారు ఎందుకలా ఉందో తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది. కదిరి వైపు నేల ఎర్రమట్టి, కింద రాయి. ఏడాదికి పడే వానే ఐదున్నర వందల మిల్లీమీటర్లు. నీళ్ళు తారుకి శత్రువు కదా, వానే లేకపోతే రోడ్డు ఎందుకు పోతుంది? ఎప్పుడో వేసిన పంచాయతీ రోడ్డు మీద కూడా హాయిగా పోవచ్చు. పాలకొల్లు వైపుకొస్తే కింద బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత ఖరీదు పెట్టి వేసినా రెండు వర్షాకాలాలకి రోడ్డు అలల్లాగా అయిపోతుంది. దానికి తోడు దమ్ము చక్రాలు. ఊడ్పుల రోజుల్లో ట్రాక్టరుకి ఇనప చక్రాలు తగిలించి ఒక చేలోంచి ఇంకో చేలోకి రోడ్డు మీదుగానే నడిపిస్తారు. ‘ఇనుప చక్రాలతో రోడ్డు ఎక్కరాదు’ అని బోర్డులుంటాయి. ఆ బోర్డు ముందు తారు మీదే దువ్వెనతో దువ్వినట్టు గీతలుంటాయి. ఆ పైన చేపల లారీలు, రొయ్యల మేత లారీలు. నాలుగు మీటర్ల గట్టు రోడ్డు మీద అంత బరువు పోతుంటే రైతుని అని ఏం లాభం, లారీని అని ఏం లాభం.

అందుకని నేను చేసిన పని ఒకటే, టైరు మార్చాను. కుర్రతనంలో 25 మిల్లీమీటర్ల టైరు, రాయిలా గాలి కొట్టించి తిరిగేవాణ్ణి. ఇప్పుడు 32. గాలి తక్కువ, సుఖం ఎక్కువ. వేగం ఏమీ తగ్గలేదు, తగ్గిందల్లా నడుం నొప్పి. తారు సమస్య సగం మన టైర్లోనే తీరిపోతుంది. తీరనివి వేరే ఉన్నాయి.

అందులో మొదటిది గాలి. గోదావరి జిల్లాల వాళ్ళకి గాలంటే సాయంత్రం చల్లగా వచ్చేది. అనంతపురం వాళ్ళని అడగండి. రామగిరి కొండల మీద తొంభైల్లోనే గాలిమరలు పెట్టారంటే ఊరికే పెట్టారా? జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి నుంచి ఒకటే గాలి. కదిరిలో నా మొదటి జూను, ఆదివారం ఆరింటికి తూర్పు వైపు బయల్దేరాను. ఇరవై కిలోమీటర్లు నలభై నిమిషాల్లో అయిపోయాయి. నా వయసు పదేళ్ళు తగ్గిందనుకున్నాను. వెనక్కి తిప్పాను చూడండి. ఆ ఇరవై కిలోమీటర్లకీ గంటా నలభై నిమిషాలు. పల్లంలో కూడా పెడలు తొక్కితేనే సైకిల్ కదులుతోంది. దార్లో టీ కొట్టు దగ్గర కూలబడితే అక్కడున్న పెద్దాయన అన్నాడు: ‘ఏం సారూ, గాలిని చూసుకోకుండా పోతారా? పొద్దున పడమర దిక్కు పోవాల. వచ్చేటప్పుడు అదే తోసుకొస్తాది.’ ఆయన కూడా ఒకప్పుడు సైకిల్ మీద పాలు వేసినవాడేనట. 

దీంట్లో చిన్న లెక్కుంది. పోయేటప్పుడు గాలి తోస్తుంది, వచ్చేటప్పుడు ఆపుతుంది, రెండూ చెల్లుకి చెల్లు అనుకుంటాం. చెల్లదు. గాలే లేకపోతే గంటకి 22 చొప్పున నలభై కిలోమీటర్లకి దాదాపు గంటా యాభై నిమిషాలు. ఆ రోజు నాకు పట్టింది రెండు గంటల ఇరవై నిమిషాలు. వెనకగాలిలో నేనున్నది నలభై నిమిషాలే, ఎదురుగాలిలో ఉన్నది వంద నిమిషాలు. పైగా మొహానికి తగిలే గాలి రెండింతలైతే అది వెనక్కి నెట్టే బలం నాలుగింతలవుతుంది. మరి గాలున్న ప్రాంతం చెడ్డదా అంటే, అనను. దారులు చాలా ఉంటే గాలిని తప్పించుకోవచ్చు. పోయే దారీ వచ్చే దారీ ఒకటే అయితేనే చచ్చినట్టు ఎదుర్కోవాలి. కదిరి చుట్టూ ఊరికీ ఊరికీ మధ్య సన్న రోడ్లు బాగానే ఉన్నాయి. పెద్దాయన చెప్పినట్టు దిక్కు చూసుకుని, మధ్యలో రెండుసార్లు అడ్డం తిరిగి వచ్చేవాణ్ణి. తిమ్మమ్మ మర్రిమాను నాకు ఇష్టమైన మజిలీ. కదిరికి పాతిక కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క చెట్టు, అయిదెకరాల నీడ. ఎండలో తొక్కొచ్చినవాడికి ఆ ఊడల కిందకి వెళ్ళగానే చెమట ఒక్కసారి చల్లబడుతుంది చూడండి, అది చెప్తే తెలిసేది కాదు.

ఎండ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కదిరి ఎండ పొడి ఎండ. చెమట పట్టినట్టే తెలియదు, ఇంటికొచ్చి చొక్కా విప్పితే వీపంతా ఉప్పు పటం గీసినట్టు ఉంటుంది. మన కోస్తా ఎండ ఉక్క. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అంకెల్లో చూస్తే అక్కడ ఎక్కువ, ఒంటికి మాత్రం ఇక్కడే ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక ఎక్కడా తొక్కకూడదు, అంతే.

రాయలసీమలో ఇంకో రెండు సంగతులు మీకు కొత్తగా ఉండొచ్చు. ఒకటి, ఉలవలు. కోతలయ్యాక ఉలవచెట్లు తెచ్చి రోడ్డు మీద మోకాలెత్తున పరుస్తారు. బస్సులు, లారీలు దాని మీదుగా తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. సైకిల్ వాడికి అది ఇసుకలో నడవడం లాంటిది. ఒకసారి దిగకుండా పోదామని చూశాను. ఒక తీగ వెనక గేర్లోకి దూరి, చుట్టుకుని, గేరు వేలాడే కొక్కెం లోపలికి వంగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు చీపుళ్ళు పక్కన పెట్టి వచ్చి, జుట్టు చిక్కు తీసినట్టు ఒక్కో పోగూ లాగారు. ‘దిగి నడవొచ్చు గదా నాయనా’ అంది పెద్దావిడ. ఊళ్ళో సైకిల్ షాపాయన గేర్ల సైకిల్ అంతకుముందు ముట్టుకోలేదు. ఒక కన్ను మూసి కాసేపు చూసి, కటింగ్ ప్లేరుతో పట్టి ఒక్క తిప్పు తిప్పాడు. ఇప్పటికీ అదే కొక్కెం. అలాంటి షాపు ఉన్న ఊరు మంచి ప్రాంతంలో లెక్కేసుకోండి. గాలి కొట్టే మూతి మాత్రం మీరే తీసుకెళ్ళాలి. మన సన్న మూతి వాల్వుకి ఊళ్ళో పంపు పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టరు జేబులో లేకపోతే పంక్చరు వేయించుకుని కూడా నడిచి రావాల్సిందే.

రెండోది పల్లేరుకాయ. చిన్నప్పుడు అరికాల్లో దిగినవాళ్ళకి పరిచయం అక్కర్లేదు. ఎలా పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రోడ్డు అంచు దిగారంటే దిగినట్టే. కంపచెట్టు ముల్లయితే ఒక పంక్చరు, పల్లేరైతే ఒక్కోసారి ఆరు. అందుకని అక్కడ అంచు దిగకుండా ఉండటం నేర్చుకున్నాను. కానీ బస్సొస్తే?

ఇక్కడికే రావాలనుకుంటున్నాను, అసలు విషయం రోడ్డు వెడల్పు దగ్గరుంది. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదానాల్లో అయిదు వందల జనాభా, కొండ ప్రాంతాల్లో రెండు వందల యాభై జనాభా ఉన్న ఆవాసాలకి కూడా పక్కా రోడ్డు ఉండాలని. సైకిల్ వాళ్ళ కోసం ఎవరూ వేయలేదు గానీ, ఈ దేశంలో సరదాకి సైకిల్ తొక్కేవాళ్ళందరికీ అంతకన్నా మేలు చేసిన పథకం ఇంకోటి లేదని నేనంటాను. ఆ రోడ్ల వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. బస్సు రెండున్నర. మిగిలింది మీటరుంపావు. అందులో నేనూ నా సైకిలూ పట్టం, ఎవరో ఒకరు కిందకి దిగాలి, దిగేది నేనే. అదే రోడ్డు మీద రోజుకి రెండు బస్సులు తిరిగితే స్వర్గం, గంటకి ఇరవై టిప్పర్లు తిరిగితే నరకం. తారు అదే, వెడల్పు అదే. నన్నడిగితే రోడ్డుని చూడకండి, ఆ రోడ్డు అవతలి చివర ఏముందో చూడండి అంటాను. క్వారీ ఉందా, ఇసుక రేవు ఉందా, రెండు పెద్ద ఊళ్ళకి దగ్గరిదారా? అయితే వద్దు. అవతల చిన్న ఊరూ, ఆ తర్వాత ఇంకో చిన్న ఊరూ ఉన్నాయా? పదండి.

దీన్ని నాకు నేర్పింది పాలకొల్లు. లారీకి దారి తెగిపోయి, సైకిల్‌కి మాత్రం మిగిలే చోట్లు అక్కడ అడుగడుగునా ఉంటాయి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా అంతా కాలవలు వేశారు. ప్రతి కాలవకీ గట్లు, అక్కడక్కడ లాకులు, లాకుల మీద మనిషి నడిచే సన్న వంతెనలు. సైకిల్ భుజాన వేసుకుంటే అవతలి గట్టు మీద ఉంటాం. కారువాడు అయిదు కిలోమీటర్లు చుట్టు తిరిగి రావాలి. గట్టు మీద పోతుంటే ఒక పక్క నీళ్ళు, ఒక పక్క కొబ్బరి నీడ. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఎదురొచ్చేది గేదెలూ, కొబ్బరికాయలేసుకున్న సైకిలూ, బడి పిల్లలూ.

నాకు బాగా ఇష్టమైన చుట్టు ఒకటి చెప్తాను. పాలకొల్లు నుంచి నర్సాపురం. అక్కడ మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాలి. రెండు పడవల మీద బల్లలు కొట్టిన పంటు. మోటారుసైకిళ్ళు, కూరగాయల తట్టలు, ఒక కారు, పెళ్ళికెళ్ళేవాళ్ళు, అందరం కలిసి వశిష్ట గోదావరి దాటతాం. సైకిల్‌కి టికెట్ తీసుకునే కుర్రాడు నా గేర్లు నొక్కి చూసేవాడు ప్రతిసారీ. అవతల సఖినేటిపల్లి. అక్కణ్ణించి కాలవగట్ల మీదుగా రాజోలు, దిండి, చించినాడ వంతెన మీదుగా మళ్ళీ పాలకొల్లు. ఈ చుట్టులో మొదటి సగం, చివరి సగం పక్కపక్కన పెట్టి చూడండి. పంటు వైపు నుంచి లోడు లారీ రావడానికి వీల్లేదు. నది దగ్గర రోడ్డు ఆగిపోతుంది కాబట్టి సఖినేటిపల్లి వైపు రోడ్డు మీద అక్కడివాళ్ళు మాత్రమే తిరుగుతారు. చించినాడ దగ్గర వంతెన ఉంది, 216 జాతీయ రహదారి దాని మీదుగా పోతుంది, లారీలన్నీ అక్కడే. వంతెన మీద నా చైను ఏనాడూ వినపడలేదు. 

వంతెనలు వద్దని కాదు నేననేది. పంటు ఆగిపోయిన రాత్రి పురిటి నొప్పులొచ్చిన మనిషిని అడిగితే వంతెన విలువ చెప్తుంది. సరదాకి తొక్కేవాడి సుఖం కోసం ఊరికి వంతెన వద్దనడం అన్యాయం. నాకు తెలుసు. అయినా పంటు మీద పదిహేను నిమిషాలు కూర్చున్నవాడిగా చెప్తున్నాను, అంతే.

మా మిత్రుల్లో కొందరికి ఈ మాట నచ్చదు. హైవేయే మేలంటారు. పక్కన మీటరున్నర అంచు ఉంటుంది, తారు బాగుంటుంది, దాబాలు ఉంటాయి. బ్రెవేలు, అంటే గడువు లోపల పూర్తిచేయాల్సిన దూరపు సవారీలు, తొక్కేవాళ్ళకి అది నిజమే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై గంటలు అని గడువు పెడితే ఎవరైనా హైవే ఎక్కుతారు. నేనూ 16వ నంబరు రోడ్డు మీద మూడొందలు రెండుసార్లు పూర్తిచేశాను. ఏం చూశావంటే మాత్రం రెండు టోల్ గేట్లూ, ఒక సాంబారూ గుర్తున్నాయి. పైగా ఆ అంచు మనదనుకుంటాం గానీ, అది ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే మోటారుసైకిళ్ళది, గడ్డి ట్రాక్టర్లది, ఆగిన లారీలది. ఆగిన లారీ దాటడానికి బయటికి రావాలి, ఆ క్షణంలో వెనక ఏముందో దేవుడికే తెలియాలి.

నర్సీపట్నం సంగతి తొందరగా చెప్తాను. కొండ ఇష్టమున్నవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? ఊరి నుంచి ముప్పై కిలోమీటర్లు అటూఇటూగా లంబసింగి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఘాట్ రోడ్డులో నూరు మీటర్లకి అయిదారు మీటర్లు లేచే చోట చిన్న గేరు వేసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ పోవడమే. చెట్ల నీడ, మలుపు మలుపుకీ చల్లదనం. మంచి కొండ దారికి నా కొలత ఏంటంటే ఎక్కుడు సమానంగా ఉండాలి, దిగేటప్పుడు మలుపు అవతల ఏముందో కనపడాలి. ఎక్కేవాడు చావడు, ఆయాసపడతాడు. ప్రమాదమంతా దిగేటప్పుడే. మలుపులో చారెడు కంకర చాలు. లంబసింగికి ఒకటే లోపం, అదీ మనం తెచ్చిపెట్టిందే. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో మంచు చూడాలని తెల్లవారుజామున కార్లు బారులు తీరతాయి. ఘాట్‌లో ఆగి, హారన్ కొట్టి, ఫోటోలు. ఆ రెండు నెలలూ బుధవారం సెలవు పెట్టి వెళ్ళేవాణ్ణి. మా మేనేజరుకి ఏటా ఏదో పెళ్ళి పేరు చెప్పేవాణ్ణి. ఆయన ఇప్పుడు లేరు గాబట్టి చెప్తున్నాను.

ఇక హైదరాబాదు. తువ్వాళ్ళు ఆరేసిన ఊరు అదే. అన్యాయంగా మాట్లాడకూడదు. 2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు, ఎండా తగలదు, వానా తగలదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, పిల్లలకి అంతకంటే ఏం కావాలి? నేనూ వెళ్ళాను. సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వెళ్ళాను. అక్కడ కారు పార్కు చేసి, సైకిల్ దింపి, ఆ చివరి దాకా పోయి, వెనక్కొచ్చి, మళ్ళీ కారెక్కించి ఇంటికి. మూడోసారికి నాకే నవ్వొచ్చింది. జిమ్‌కి పోయినట్టుంది, ఊరికి పోయినట్టు లేదు.

ఆ ఊళ్ళో సైకిల్ వాళ్ళంతా పడమటి వైపు, గండిపేట, మొయినాబాద్, శంకర్‌పల్లి దిక్కు ఎందుకు పోతారో తెలుసా? అందం కోసం అనుకుంటాం. 1996లో 111 జీవో ఇచ్చారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీళ్ళు పాడవకుండా చుట్టుపక్కల 84 గ్రామాల్లో పెద్ద కట్టడాల మీద ఆంక్షలు. మిగతా మూడు దిక్కులా ఊరు ఉబ్బిపోతుంటే అటువైపు మాత్రం చేలూ, తోటలూ, సన్న రోడ్లూ చాలాకాలం మిగిలాయి. మంచినీళ్ళ కోసం చేసిన ఏర్పాటు, లాభపడింది సైకిల్ వాళ్ళు. ఆ జీవో ఉండాలా పోవాలా అని ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు, దాంట్లోకి నేను పోను. రోడ్డు వెడల్పు కోసం చెట్లు కొట్టాలా వద్దా అన్న చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల గొడవా అలాంటిదే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, రెండు పక్కలా వందల మర్రిచెట్లు. నీడకి ఆ రోడ్డుని మించింది లేదు. ట్రాఫిక్ చూస్తే మాత్రం ప్రాణం మీద ఆశ ఉన్నవాడు తొక్కడు. రెండూ నిజమే.

ఒక దెబ్బ గురించి కూడా చెప్పాలి, లేకపోతే మా ఆవిడ ఊరుకోదు. ఒక ఊళ్ళో, పేరెందుకు, రోజూ పోయే దారిలోనే రాత్రికి రాత్రి స్పీడ్ బ్రేకర్ వేశారు. తెల్ల గీత లేదు, బోర్డు లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, తాబేలు వీపులా ఉండాలి. ఇది పిట్టగోడలా ఉంది. చీకట్లో ఎగిరిపడ్డాను, కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు ఎడం చేత్తో చెక్కుల మీద సంతకాలు. నయమయ్యాక ఆ ఊరి వాళ్ళ మీద విరుచుకుపడదామని వెళ్ళాను. ముందు వారం అక్కడే బడికెళ్ళే పిల్లాణ్ణి వ్యాను కొట్టిందట, తండ్రే సిమెంటు కలిపి వేశాడు. నేనేమంటాను? అది వేశాక ఆ రోడ్డు మీద బళ్ళు నిజంగానే నెమ్మదించాయి. ఆ తర్వాత కూడా నేను అదే దారిలో పోయేవాణ్ణి, లైటు మాత్రం పెద్దది కొన్నాను.

ఇంతసేపూ నేను చెప్పినదాంట్లో ఒక పెద్ద లోపం ఉంది. కనిపెట్టింది మా అమ్మాయి. హైదరాబాదులో కొన్నాళ్ళు నాతో తొక్కింది. నా చైను చప్పుడు లెక్క విని ‘అది నీ లెక్క నాన్నా’ అంది. ‘ఎవరూ లేని రోడ్డు నీకు మంచి రోడ్డు. నాకు ఎవరో ఒకరు ఉండాలి.’ బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఒకసారి దాటి వెళ్ళి, నెమ్మదించి, మళ్ళీ దాటి, మళ్ళీ నెమ్మదిస్తే ఎలా ఉంటుందో నాకెప్పుడూ అనుభవం లేదు. దాహమైతే ఎక్కడ ఆగాలి, బాత్రూముకి ఎక్కడికి వెళ్ళాలి, పెట్రోలు బంకులో ఉన్నదానికి తాళం ఉంటే తాళంచెవి ఎవర్ని అడగాలి? తను మ్యాపులో గుర్తుపెట్టుకునేవి గుళ్ళూ, ఆడవాళ్ళు కూర్చునే టిఫిన్ కొట్లూ, నాట్లేసే చేలూ. చేలో పది మంది ఆడవాళ్ళుంటే ఆ రోడ్డు మంచిది. నా లెక్కలో చైను వినపడే చోటు, తన లెక్కలో మనుషుల మాట వినపడే చోటు. రెండూ కుదిరేది, ఆలోచిస్తే, మళ్ళీ ఆ డెల్టా గట్లే.

తనిప్పుడు బార్సిలోనాలో ఉంటోంది. రెండేళ్ళ కిందట నన్ను మయోర్కా తీసుకెళ్ళింది. స్పెయిన్‌లో, రోడ్డు సైకిళ్ళకి కాశీ లాంటి దీవి అది. సా కలోబ్రా అని ఒక దారి, 1932లో పరియెట్టి అనే ఇంజినీరు వేశాడు. తొమ్మిదిన్నర కిలోమీటర్లు, ఇరవై ఆరు మలుపులు. ఒకచోట రోడ్డు తన కిందనుంచి తానే దూరి వస్తుంది, టై ముడి వేసినట్టు. ఎక్కాను, రెండుచోట్ల దిగి నిలబడ్డాను, అది వేరే సంగతి. నాకు గుర్తుండిపోయింది మాత్రం మలుపులు కాదు. వెనక ఒక కారు వస్తోంది, ఇంజిను వినపడుతోంది, దాటడం లేదు. నేను పక్కకి దిగబోతే మా అమ్మాయి ‘దిగకు, ఆగుతాడు’ అంది. అక్కడ సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర దూరం వదలాలని చట్టం. ఆ ఇరుకులో అంత చోటు లేదు, కాబట్టి ఆగాడు. నిమిషం, రెండు నిమిషాలు. నాకు చెమటలు పట్టాయి. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, వెనక కారు ఆగిందంటే నేనేదో తప్పు చేశాననే టెన్షన్. దాటుతూ చెయ్యెత్తి ఊపాడు. మన దగ్గర అలా వెనక ఓపిగ్గా వచ్చేవాణ్ణి ఒక్కచోటే చూశాను. కదిరి వైపు, రోడ్డు నిండా గొర్రెల మంద పోతుంటే, దాని వెనక ఆర్టీసీ బస్సు. డ్రైవరు హారన్ మీద చెయ్యి కూడా వేయలేదు. మందలో నేనూ ఉన్నాను, నన్నూ గొర్రెతో పాటే దాటించుకున్నాడు.

టైం అయిపోయిందంటున్నారు. ఒక చీటీ వచ్చింది. ‘ఇన్ని ఊళ్ళు తిరిగారు, ఉండటానికి ఈ ఊరు ఎందుకు ఎంచుకున్నారు?’ నేనెంచుకోలేదండీ. నాకు పాలకొల్లు, మా ఆవిడకి మంచి ఆసుపత్రి ఉన్న ఊరు. ఆవిడే గెలిచింది. సామాను దింపిన మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర మీటరు సున్నా చేసి, ధవళేశ్వరం వైపు బయల్దేరాను. ఇసుక ట్రాక్టర్లు తప్పుకుని గట్టెక్కేసరికి 5.6. నిన్న మళ్ళీ కొలిచాను. మధ్యలో కొత్త లేఅవుట్ ఒకటి వచ్చింది, ఇప్పుడు 6.3.